ఓటీపీ ఎవరి ఫోనుకి వస్తోంది?

(కొత్తగా ఉద్యోగాల్లో చేరిన యువతీయువకుల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

ఈ హాల్లో ఉన్నవాళ్లలో ఎక్కువమంది మొదటి జీతం తీసుకుని ఏడాదో రెండేళ్లో అయినవాళ్లు. పెట్టుబడుల గురించి చెప్పమని నిర్వాహకులు అడిగారు. అది నాకంటే బాగా చెప్పగలిగినవాళ్లు చాలామంది ఉన్నారు. నేను బ్యాంకు ఉద్యోగిని. నా సర్వీసులో చాలా ఏళ్లు కౌంటరుకి ఇవతల కూర్చుని ఎక్కువగా చూసింది వేరే సంగతి. పిల్లలు పెద్దవాళ్లవడం చూశాను. తండ్రి పక్కన నిలబడి ఆయన వేలు పెట్టి చూపించిన చోటల్లా సంతకం చేసిన కుర్రాడే కొన్నాళ్లకు ఒక్కడే వచ్చి, "ఈ చార్జీ ఎందుకు పడిందండీ?" అని అడుగుతాడు. ఈ రెంటికీ మధ్య ఏం జరుగుతుందో చెబుదామని వచ్చాను.

సొంత కాళ్ల మీద నిలబడడం అనగానే మనకు పెద్దపెద్ద విషయాలే గుర్తొస్తాయి. ఇల్లు, కారు, మంచి జీతం. కానీ పెద్ద జీతం తీసుకుంటూ తన డబ్బు సంగతి తనకే తెలియనివాళ్లని చూశాను. చాలా తక్కువ జీతంతో తన లెక్క తాను చక్కగా చూసుకునేవాళ్లనీ చూశాను. నాకు కనిపించిన తేడా ఇది: మీ బతుకుకి అయ్యే ఖర్చు గురించిన ఆలోచన ఎవరి తలలో తిరుగుతోంది? ఏ బిల్లు ఎప్పుడు కట్టాలో ఎవరికి గుర్తుంది? ఆ ఆలోచన అమ్మానాన్నల తలలోంచి మీ తలలోకి మారితే మీరు పెద్దవాళ్లయినట్టే. అప్పటికి డబ్బులో కొంత వాళ్లే ఇస్తున్నా సరే. ఈ మార్పుని ఎవరూ ప్రకటించరు, ఏ సర్టిఫికెట్టూ రాదు. రోజువారీ చిన్న పనుల్లో మాత్రం కనిపిస్తుంది.

బల్బుతో మొదలుపెడతాను. ఇల్లు వదిలి వేరే గది తీసుకున్నాక ఒక రాత్రి బల్బు మాడిపోతుంది. ఇంట్లో అయితే మర్నాటికల్లా కొత్తది వెలిగేది. ఎవరు తెచ్చారో, ఎవరు స్టూలెక్కి మార్చారో మనం ఎప్పుడూ గమనించలేదు. ఇక్కడ మొదటి రోజు ఫోన్ వెలుతురులో సర్దుకుంటాం. రెండో రోజూ అంతే. మూడో రోజుకి, దీన్ని మార్చడానికి ఇంకెవరూ రారని అర్థమవుతుంది. కొట్టుకి వెళ్తాం. అక్కడ ఎన్ని వాట్లు కావాలని అడిగితే నోట మాట రాదు, ఎందుకంటే ఇన్నేళ్లలో ఆ ప్రశ్న మనదాకా రానేలేదు. సబ్బు అరుగుతుందని, చీపురు పాడవుతుందని, బకెట్ పగులుతుందని, అన్నిటికీ డబ్బవుతుందని అప్పుడే తెలుస్తుంది. ఇంట్లో వస్తువులు వాటంతట అవే ఉంటాయనుకునే వయసు అక్కడితో అయిపోతుంది. ఆ తర్వాత అమ్మకి ఫోన్ చేస్తే అడిగే ప్రశ్న కూడా మారుతుంది. "కొంచెం డబ్బు పంపవా" అన్న నోరే "అంత తక్కువలో మీరు ఎలా నెట్టుకొచ్చారమ్మా?" అని అడుగుతుంది. ఆ ప్రశ్న నోట్లోంచి వచ్చిందంటే లోపల చాలా మారినట్టు.

గదిలోంచి బయటికొస్తూ ఫ్యాను స్విచ్ ఆపడం, నీళ్లు వృథా పోతుంటే కుళాయి కట్టేయడం కూడా ఈ కోవలోవే. వాటి గురించి ఎక్కువ చెప్పను, మీ ఇళ్లలో చెప్పే ఉంటారు.

ఇక జీతం. మొదటి నెల జీతం పడగానే అందరూ అంకె చూస్తారు, పే స్లిప్ మాత్రం తెరవరు. ఆఫర్ లెటర్లో రాసిన జీతం ఒకటి, చేతికొచ్చింది ఇంకొకటి. ఆ రెంటికీ మధ్య పన్ను, పెన్షన్, బీమా ఇలా కొన్ని కోతలుంటాయి. అందులో కొన్ని పోయిన డబ్బు. కొన్ని పోయినట్టు కనిపించినా మీ పేరు మీదే జమ అవుతున్న డబ్బు. ఏది ఏదో తెలుసుకోవాలంటే ఆ కాగితాన్ని ఒకసారి వరసగా చదవాలి, అర్థం కాని పదానికి ఆఫీసులో అకౌంట్స్ చూసేవాళ్లని అడగాలి. అలా అడిగినవాళ్లని ఎవరూ తక్కువగా చూడరు. అడగని వాళ్లలో కొందరు ఉద్యోగం మారాక కూడా పాత చోట జమైన డబ్బుని అలాగే వదిలేస్తారు.

దీని తర్వాత వచ్చే గుర్తు నాకు చాలా ఇష్టం. జీతం పడిన రోజు అకౌంటులో కనిపించే అంకె మొత్తం నాది కాదని తెలియడం. చదువుకునే రోజుల్లో చేతిలో ఎంత ఉంటే అంతా ఖర్చు పెట్టుకోవచ్చు. అసలు ఖర్చులు ఇంకెవరో చూసుకుంటున్నారు కాబట్టి అది పూర్తిగా చేతిఖర్చే. జీతం అలా కాదు. అద్దె అందులోనే ఉంది, కరెంటు అందులోనే ఉంది, వచ్చే నెలాఖరులో వేసుకోవాల్సిన మందులు కూడా అందులోనే ఉన్నాయి. అకౌంటులో ఉన్నా వాటికి సంబంధించిన డబ్బు అప్పటికే ఖర్చయిపోయినట్టు లెక్క. పెద్దయినవాళ్లు అంకె చూడగానే ముందు ఇవన్నీ మనసులోనే తీసేస్తారు, మిగిలినదాన్నే నాది అనుకుంటారు. ఎవరూ నేర్పకుండానే ఈ తీసివేత అలవాటవుతుంది. సాధారణంగా, ఒకసారి నెల మధ్యలోనే డబ్బు అయిపోయి ఇబ్బంది పడ్డాక.

నెలనెలా పోయేవి గుర్తుంటాయి. ఏడాదికోసారి వచ్చేవే దెబ్బ తీస్తాయి. బండి ఇన్సూరెన్స్, ఆరోగ్య బీమా రెన్యువల్, ఎప్పుడో ఉచితంగా మొదలుపెట్టి మర్చిపోయిన ఏదో సబ్‌స్క్రిప్షన్. అవి వచ్చిన నెలలో "అనుకోని ఖర్చు వచ్చిపడింది" అంటాం. నిజానికి తేదీతో సహా ముందే తెలిసిన ఖర్చది. దాన్ని 12తో భాగించి నెలనెలా కాస్త పక్కన పెట్టడం మొదలుపెట్టారంటే, మీ ఆలోచన నెల దాటి ఏడాదికి సాగిందన్నమాట.

కార్డుల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. మన చేతిలోంచి నోట్లు లెక్కపెట్టి ఇస్తున్నప్పుడు మనసు ఒకసారి చివుక్కుమంటుంది. కార్డు గీస్తే అంతగా అనిపించదు. డ్రాజెన్ ప్రెలెక్, డంకన్ సిమెస్టర్ అనే ఇద్దరు పరిశోధకులు 2001లో ఒక అధ్యయనం ప్రచురించారు. బాస్కెట్‌బాల్ మ్యాచ్ టికెట్లకు మేనేజ్‌మెంట్ విద్యార్థుల చేత వేలం పాడించారు. సగం మందికి గెలిస్తే నగదు ఇవ్వాలని, సగం మందికి కార్డుతో కట్టాలని చెప్పారు. అవే టికెట్లు, అదే మ్యాచ్. కార్డువాళ్లు పాడిన ధర నగదువాళ్ల ధరకి సగటున దాదాపు రెట్టింపు. బాగా చదువుకున్నవాళ్లే, లెక్కలు తెలిసినవాళ్లే. కాబట్టి కార్డుతో ఎక్కువ ఖర్చయితే మీ బుద్ధిలో లోపముందని అనుకోకండి. అది మనుషులందరికీ ఉన్నదే. అది ఉందని తెలుసుకుని జాగ్రత్తపడడం మాత్రం మన పని.

ఇప్పుడు ఆ క్రెడిట్ కార్డు బిల్లు వస్తుంది. అందులో రెండు అంకెలుంటాయి. ఒకటి మొత్తం బాకీ, రెండోది మినిమం డ్యూ, అంటే ఆ నెల కనీసం కట్టాల్సింది. రెండోది చిన్నగా, కట్టగలిగేలా కనిపిస్తుంది. అది కట్టేస్తే ఆలస్య రుసుము పడదు, ఫోన్లు రావు, మనసుకి హాయిగా ఉంటుంది. కానీ లోపల ఏం జరుగుతుందో ఒకసారి లెక్క వేద్దాం. బాకీ 100 అనుకోండి. వడ్డీ నెలకు 3 శాతం, మినిమం డ్యూ బాకీలో 5 శాతం అనుకుందాం. కొత్తగా ఏమీ కొనలేదు, నెలనెలా తప్పకుండా మినిమం డ్యూ కడుతున్నారు. మొదటి నెల వడ్డీ కలిసి 103 అవుతుంది, మీరు 5 పైచిలుకు కడతారు, దాదాపు 98 మిగులుతుంది. ఇలా ఏడాదంతా ఒక్క నెల కూడా తప్పకుండా కట్టాక బాకీ ఎంత ఉంటుంది? 77. మీరు మొత్తం కట్టింది 55. అందులో 32 వడ్డీకే పోయింది. అసలు తగ్గింది 23 మాత్రమే. బాకీ సగానికి రావాలంటే ఇదే తీరులో రెండున్నరేళ్లు దాటుతుంది.

అదే మనిషి, అదే వడ్డీ. మినిమం డ్యూ సంగతి మర్చిపోయి నెలకు కచ్చితంగా 10 చొప్పున కట్టారనుకోండి. ఏడాది తిరిగేసరికి బాకీ 1 కూడా మిగలదు. ఇందులో కిటుకేమీ లేదు. మినిమం డ్యూ బాకీతో పాటు తగ్గుతూ పోతుంది, అందుకే తీరదు. 10 తగ్గదు, అందుకే తీరుతుంది. కాగితం మీద మీరే ఒకసారి వేసి చూడండి, నా మాట నమ్మనక్కర్లేదు. బిల్లులో పెద్ద అంకెనే బిల్లుగా చూడడం అలవాటైనవాళ్లు ఆర్థికంగా ఎదిగారని నేను కళ్లు మూసుకుని చెబుతాను. ఇప్పటికే బాకీలో ఉన్నవాళ్లు సిగ్గుపడకండి. మళ్లీ కార్డు వాడకుండా, ఎంత చిన్నదైనా సరే తగ్గని అంకె ఒకటి పెట్టుకుని మొదలుపెట్టండి. ఒక్కటి చూసుకోండి, ఆ అంకె మొదటి నెల మినిమం డ్యూకి తక్కువ కాకూడదు.

ఈ ప్రసంగానికి పెట్టిన పేరు దగ్గరికి వస్తాను. ఇది నాకు అన్నిటికంటే ముఖ్యమైనది.

నా కౌంటరు దగ్గరికి ఒక అమ్మాయి వచ్చింది. మంచి ఉద్యోగం, అకౌంటులో నెలనెలా జీతం పడుతోంది. ఫోన్ నంబరు మార్చాలని ఫారం అడిగింది. పాత నంబరు ఏమిటని అడిగితే ఫోన్లో వెతుక్కుని చెప్పింది. అది తన నంబరు కాదు. చదువుకునే రోజుల్లో అకౌంటు తెరిచినప్పుడు ఇంట్లో వాళ్ల నంబరు ఇచ్చారు, అలాగే ఉండిపోయింది. జీతం పడితే మెసేజ్ వాళ్లకి వెళ్తుంది. ఆమె ఏదైనా కొంటే ఓటీపీ కోసం వాళ్లకి ఫోన్ చేయాలి. ఏం కొంటున్నావ్, ఎందుకు కొంటున్నావ్ అని వాళ్లు అడుగుతారు, ఆమె చెప్పాలి. వాళ్లు చెడ్డవాళ్లు కాదని ఆమె నాకు రెండుసార్లు చెప్పింది, ప్రేమతోనే అడుగుతారంది. నేను ఏమీ అనలేదు. కాగితాలు చూసి నంబరు మార్చాను. ఆమె అక్కడే నిలబడి చిన్న మొత్తం ఒకటి ఎవరికో పంపింది. ఫోన్ మోగింది. ఆరు అంకెలు తన తెర మీద చూసుకుంది. ఆ ముఖం నాకింకా గుర్తుంది.

జీతం నాది, మెసేజ్ వేరేవాళ్లది. అకౌంటు నా పేరు మీద, కార్డు ఇంకొకరి జేబులో. పాస్‌వర్డు పెట్టింది తమ్ముడు, మార్చడం ఎలాగో నాకు తెలియదు. ఇలాంటి మాటలు నేను చాలా విన్నాను, ఎక్కువగా ఆడవాళ్ల నోట. పెళ్లయినవాళ్ల నోటా విన్నాను, కానివాళ్ల నోటా విన్నాను. సంపాదన ఉండి కూడా ఆర్థిక స్వాతంత్ర్యం లేకపోవడమంటే ఇదే. దీనికి పూర్తి వ్యతిరేకంగా, జీతం లేకుండా ఇంటి పని చూసుకుంటూ, ఏ డబ్బు ఎక్కడుందో, ఏ వాయిదా ఎప్పుడు కట్టాలో మొత్తం తెలిసి, అకౌంటులో తనకూ సమాన హక్కున్న మనిషిని చూడండి. ఆ మనిషి నా లెక్కలో స్వతంత్రురాలే. కాబట్టి ఈ రాత్రి ఇంటికెళ్లాక ఒక్క పని చేయండి. మీ అకౌంటుకి ఏ ఫోన్ నంబరు, ఏ ఈమెయిల్ ఉన్నాయో చూడండి. చదువుకున్న కాలేజీ ఇచ్చిన ఈమెయిలో, ఎప్పుడో వదిలేసిన నంబరో ఉందేమో చూడండి. వదిలేసిన నంబరు మరీ ప్రమాదం, ఫోన్ కంపెనీలు కొన్నాళ్లకు అలాంటి నంబర్లని వేరేవాళ్లకి ఇచ్చేస్తాయి. మీ ఓటీపీ ముక్కూమొహం తెలియని మనిషికి వెళ్తుంది.

ఇంట్లోవాళ్లు డబ్బు కలిపి పెట్టుకోవాలంటే పెట్టుకోవచ్చు. భార్యాభర్తలు ఒకే అకౌంటు పెట్టుకోవచ్చు. నాకు అభ్యంతరం లేదు. ఇద్దరికీ కనిపించాలి, ఇద్దరికీ చేయి అందాలి. నేను అడిగేది అంతే.

తర్వాతి గుర్తు మాటలో ఉంటుంది. "ఈసారి నాకు కుదరదు, అంత ఖర్చు పెట్టలేను." స్నేహితులంతా కలిసి ఎక్కడికో ప్రయాణం వేసుకున్నప్పుడు ఈ మాట అనడానికి ఎంత గుండె ధైర్యం కావాలో మీకు తెలుసు. ఇరవై ఏళ్ల వయసులో మనం సాకులు వెతుకుతాం. ఒంట్లో బాగోలేదంటాం, ఇంట్లో పనుందంటాం. లేదా మొహమాటానికి వెళ్లి, కార్డు గీసి, ఇందాకటి లెక్కలో ఇరుక్కుంటాం. డబ్బు లేదన్న నిజాన్ని తల దించుకోకుండా మామూలు గొంతుతో చెప్పగలిగిన రోజు చాలా పెద్ద రోజు. ఇంకో విశేషం కూడా చూశాను. గుంపులో ఒకరు అలా అంటే, "హమ్మయ్య, నాకూ అంతే" అనేవాళ్లు ఇద్దరు తేలతారు. వస్తువు చేతిలోకి తీసుకునే ముందే ధర అడగడం, బిల్లులో తప్పు పడితే నెమ్మదిగా చూపించడం, జీతం గురించి మాట్లాడేటప్పుడు ఎంతివ్వగలరని ఉద్యోగమిచ్చేవాళ్లని సూటిగా అడగడం, ఇవన్నీ ఆ ధైర్యానికి తోబుట్టువులే.

చేబదులు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. స్నేహితుడు అడిగితే ఇవ్వండి, ఇవ్వద్దనను. తిరిగి రాకపోయినా మన నెల గడుస్తుందా అని ముందు చూసుకుని, గడిచేంతే ఇవ్వండి. కానీ హామీ సంతకం వేరు. అప్పుల విభాగంలో పనిచేసినప్పుడు నన్ను ఎక్కువగా బాధపెట్టినవి హామీదారుల కేసులే. "ఊరికే ఫార్మాలిటీ అన్నారండీ, అందుకే పెట్టాను." ఎంతమంది అన్నారో ఈ మాట! హామీ సంతకం పెట్టారంటే, అవతలి మనిషి కట్టకపోతే ఆ అప్పు మీది. మీ దగ్గర వసూలు చేసుకునే హక్కు అప్పిచ్చినవాళ్లకి ఉంటుంది. మీరు సొంతంగా అప్పు తీసుకోబోతే ఆ బాధ్యతను కూడా లెక్కలో చూస్తారు. మొత్తం కాగితం చదివి, ఆ అప్పు నేనే కట్టాల్సి వస్తే కట్టగలనా అని ఆలోచించి, లేదనుకుంటే "పెట్టలేను" అని చెప్పాలి. దగ్గరివాళ్లకి ఈ మాట చెప్పడం కష్టం. ఐనా చెప్పాలి.

పక్కన పెట్టుకునే డబ్బు గురించి మీరు చాలా విని ఉంటారు. మూడు నుంచి ఆరు నెలల ఖర్చులకి సరిపడా ఉంచుకోమంటారు. మంచి సలహానే. కానీ కొత్తగా ఉద్యోగంలో చేరిన మనిషికి ఆరు నెలలంటే కొండలా కనిపిస్తుంది, అందుకే మొదలే పెట్టరు. నేను ముందు ఒక్క విరిగిన వస్తువుకి సరిపడా పెట్టుకోమంటాను. ఫోన్ తెర పగిలితే, పన్ను నొప్పి వస్తే, అప్పు చేయకుండా ఆ ఒక్క గండం గడవాలి. అది గడిచిన మొదటిసారి మనిషిలో వచ్చే మార్పు చూడాలి మీరు. ఫోన్ పగిలితే బాధ ఉంటుంది, టెన్షన్ ఉండదు. ఈ రెంటికీ తేడా చాలా ఉంది.

టెన్షన్ అంటే గుర్తొచ్చింది. డబ్బు కటకట మనిషి ఆలోచననే తినేస్తుందని చూపించిన పరిశోధన ఒకటుంది. 2013లో సైన్స్ పత్రికలో వచ్చింది. సెంధిల్ ముల్లైనాథన్, ఎల్డార్ షఫీర్, మరి ఇద్దరు కలిసి చేశారు. తమిళనాడులో చెరకు రైతులకి పంటకి ముందు, చేతిలో డబ్బు ఆడనప్పుడు ఒకసారి, పంట డబ్బు వచ్చాక ఒకసారి ఆలోచనకి సంబంధించిన పరీక్షలు పెట్టారు. అవే మనుషులు. డబ్బు వచ్చాక బాగా చేశారు. కటకటగా ఉన్నప్పుడు తెలివి తగ్గలేదు, దానిలో కొంత భాగం డబ్బు చింతకే పోయింది. నెలాఖరులో మీరు ఒక తప్పు నిర్ణయం తీసుకుంటే మిమ్మల్ని మీరు మరీ తిట్టుకోవద్దని చెప్పడానికే ఈ సంగతి తెచ్చాను. అందుకే పక్కన పెట్టుకున్న చిన్న మొత్తం మీకు కొనిపెట్టేది చాలా విలువైనది: ఆ రోజుకి కాస్త నిదానంగా ఆలోచించగల తల.

జీతం పెరిగినప్పుడు ఏం చేస్తారన్నది ఇంకో గుర్తు. పెరిగింది పెరిగినట్టే ఖర్చులోకి వెళ్లిపోతుంది, ఎటుపోయిందో కూడా తెలియదు. రిచర్డ్ థేలర్, ష్లోమో బెనార్ట్జీ అనే ఇద్దరు ఆర్థికశాస్త్రవేత్తలు దీనికొక ఉపాయం కనిపెట్టారు. ఇప్పుడున్న జీతంలోంచి పొదుపు చేయమంటే ఎవరికైనా కోతలాగే ఉంటుంది. అందుకని, ముందు ముందు పెరగబోయే జీతంలో కొంత భాగం పొదుపులోకి వెళ్లేలా ఇప్పుడే ఒప్పుకోమని ఉద్యోగులని అడిగారు. చేతికొచ్చేది ఎప్పుడూ తగ్గదు కాబట్టి చాలామందికి కష్టం తోచలేదు. ఒప్పుకున్నవాళ్ల పొదుపు 40 నెలల్లో జీతంలో సగటున 3.5 శాతం నుంచి 13.6 శాతానికి పెరిగింది. 2004లో ఆ ఫలితాలు ప్రచురించారు. థేలర్‌కి 2017లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. మీకు ఏ కంపెనీ పథకమూ అక్కర్లేదు. జీతం పెరిగినట్టు ఉత్తరం వచ్చిన రోజే, పెరిగిన జీతం చేతికి రాకముందే, అందులో సగం వేరే అకౌంటుకి దానంతట అదే వెళ్లేలా ఏర్పాటు చేయండి. మిగతా సగం హాయిగా ఖర్చు పెట్టుకోండి, అది మీ కష్టార్జితం.

ఇంతవరకు నేను చెప్పినవన్నీ, ఇంట్లోవాళ్లు పోషిస్తే పెరిగి ఇప్పుడిప్పుడే బయటికి వస్తున్నవాళ్ల గురించి. ఈ హాల్లో ఇంకోరకం వాళ్లూ ఉన్నారని నాకు తెలుసు. పదహారేళ్లకే ఇంటి అప్పు లెక్క తెలిసినవాళ్లు. మొదటి జీతం తన చేతిలో ఒక్క రోజు కూడా ఉంచుకోనివాళ్లు. తమ్ముడి ఫీజు, నాన్న మందులు, ఇల్లు గడవడం అన్నీ వాళ్ల జీతం మీదే. వాళ్లకి బల్బు కథ చెప్పక్కర్లేదు, స్టూలెక్కింది వాళ్లే. వాళ్లలో ఈ ఎదుగుదల గుర్తు తిరగేసి ఉంటుంది. తన కోసం ఒక మంచి చెప్పుల జత కొనుక్కుని, తప్పు చేశానన్న భావన లేకుండా వేసుకోగలగడం. ఇంట్లో అడిగిన ప్రతిసారీ ఎంత అడిగితే అంత ఇచ్చేయకుండా, "నెలకి ఇంత పంపగలను, ఇంతకుమించి వీలవదు" అని ముందే కూర్చుని చెప్పగలగడం. ఈ మాట చెబితే ప్రేమ తక్కువైందని అనుకుంటారేమోనని భయపడతారు. నేను చూసినంతలో, ఇంత అని తెలిసిన ఇళ్లలోనే గొడవలు తక్కువ. ఎందుకంటే ఇంట్లోవాళ్లు కూడా ఆ అంకెని బట్టి తమ లెక్క వేసుకోగలుగుతారు. దయచేసి మీ పేరు మీద కూడా ఎంతోకొంత ఉంచుకోండి. మీరు పడిపోతే మొత్తం ఇల్లు పడిపోతుంది.

చీటీలు రెండు వచ్చాయి, చదువుతాను.

మొదటిది: "ఉద్యోగం పోయి మళ్లీ ఇంటికి వచ్చేశాను. నాన్న డబ్బుతోనే గడుస్తోంది. మీరు చెప్పినదాని ప్రకారం నేను మళ్లీ చిన్నపిల్లాడిని అయిపోయానా?"

లేదు బాబూ. ఇంత సూటిగా అడిగినందుకు సంతోషం. ఆలోచన ఎవరి తలలో ఉందన్నదే నేను చూస్తానని మొదట్లో అన్నాను. ఇంట్లో ఎంత ఖర్చవుతోందో నీకు తెలుసా? నీ ఫోన్ బిల్లు, నీ బీమా గడువు నువ్వే చూసుకుంటున్నావా? ఎన్నాళ్లు ఇలా ఉండాల్సి రావచ్చో నాన్నతో కూర్చుని మాట్లాడావా? ఇవి ఉంటే నువ్వు ఇంట్లో ఉంటున్న పెద్దవాడివి. కష్టకాలంలో సాయం తీసుకోవడం తప్పు కాదు, దాన్ని లెక్కలో పెట్టుకుని తీసుకోవాలి. పాత ఉద్యోగం నుంచి రావాల్సిన బకాయిలేమైనా ఉంటే ముందు అవి రాబట్టు. ఆటో డెబిట్లు ఏవేవి నడుస్తున్నాయో చూసి అవసరం లేనివి ఆపు. అప్పుల వాయిదాలుంటే, తప్పిపోయాక కాదు, తప్పకముందే అప్పిచ్చినవాళ్ల దగ్గరికి వెళ్లి పరిస్థితి చెప్పు. ముందే వచ్చి చెప్పినవాళ్లకి మేం చేయగలిగింది ఎప్పుడూ ఎక్కువే ఉండేది.

రెండోది: "మా అమ్మానాన్నల డబ్బు సంగతి నాకేమీ తెలియదు. అడిగితే నీకెందుకంటారు. ఎలా అడగాలి?"

ఈ ప్రశ్న మీ మనసులోకి వచ్చిందంటేనే మీరు చాలా దూరం వచ్చినట్టు. ఎంత ఉందని అడగకండి. అలా అడిగితే ఆస్తి మీద కన్నేశారన్నట్టు వినిపిస్తుంది. ముందు మీ సంగతి చెప్పండి. నా అకౌంటు ఇక్కడుంది, నా బీమా కాగితం ఇది, నామినీగా నీ పేరు పెట్టాను నాన్నా, నాకేదైనా అయితే ఈ ఫైలు చూడు అని చూపించండి. అప్పుడు వాళ్లే తమ సంగతి ఎత్తుతారు, ఆ రోజు కాకపోతే ఇంకో రోజు. మీరు తెలుసుకోవాల్సినవి కొన్నే: ఏయే చోట అకౌంట్లున్నాయి, ఆరోగ్య బీమా ఉందా, దాని గడువెప్పుడు, నామినీల పేర్లు సరిగా ఉన్నాయా, ఎవరికైనా బాకీ ఉన్నారా, ఎవరికైనా హామీ సంతకం పెట్టారా. పిన్‌లు, పాస్‌వర్డులు అడగొద్దు. వాళ్ల ఓటీపీ వాళ్ల ఫోనుకే రావాలి. అంతా ఒక్కసారే చెప్పరు. మొదటిసారి కాగితాలు ఏ అలమారలో ఉన్నాయో చెప్పారంటే అది చాలు, ఆ రోజుకి అక్కడితో ఆపేయండి.